క్రోన్స్ వ్యాధికి ఆరు వారాల ఫార్ములా డైట్: ముందు ఏర్పాట్ల నుంచి మళ్ళీ అన్నం తినేదాకా

"కొన్నాళ్ళు తిండి మానేసి ద్రవాలు మాత్రమే తాగితే పేగుల్లో వాపు తగ్గుతుందట కదా, ఎలా చేయాలి?" క్రోన్స్ (పేగుల్లో దీర్ఘకాలం వాపు, పుండ్లు ఉండే జబ్బు) ఉన్నవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్న ఇది. తగ్గే మాట నిజమే. అయితే ఆ ద్రవం కొబ్బరినీళ్ళు కాదు, రాగిజావ కాదు, పల్చటి మజ్జిగ అంతకన్నా కాదు. ఇది ఉపవాసం కాదు. రోజుకు సరిపడా భోజనం మొత్తాన్ని తాగడం. ఈ తేడా తెలియక రెండు వారాల్లో ఐదారు కిలోలు తగ్గి, నీరసించి ఆసుపత్రిలో చేరేవాళ్ళున్నారు.

కింద రాసింది డాక్టర్, డైటీషియన్ పర్యవేక్షణలో చేసేవాళ్ళ కోసం. ఎవరికీ చెప్పకుండా ఇంట్లో మొదలుపెట్టే పని కాదు.

## 1. ఇది ఏమిటి, ఎవరికి

దీని పేరు ఎక్స్‌క్లూజివ్ ఎంటరల్ న్యూట్రిషన్. డాక్టర్లు పొట్టిగా ఈఈఎన్ అంటారు. 6 నుంచి 8 వారాల పాటు కేలరీలు, ప్రొటీన్, కొవ్వు, విటమిన్లు, ఖనిజాలు అన్నీ ఒక ఫార్ములా (నీళ్ళలో కలిపి తాగే పోషకాల పొడి) నుంచే అందాలి. మంచినీళ్ళు తప్ప మరేదీ నోట్లోకి వెళ్ళదు.

క్రోన్స్ ఉన్న పిల్లల్లో వ్యాధి విజృంభించినప్పుడు యూరప్ మార్గదర్శకాలు మొదట సూచించే చికిత్సల్లో ఇదొకటి. స్టెరాయిడ్లు పిల్లల ఎదుగుదలను దెబ్బతీస్తాయి. ఇది తీయదు, పైగా బరువు పెంచుతుంది. పెద్దవాళ్ళతో చేసిన ట్రయల్స్‌లో స్టెరాయిడ్లదే పైచేయి అయింది. చాలామంది పెద్దలు మధ్యలోనే మానేయడం అందుకు ఒక పెద్ద కారణం. చివరిదాకా తాగగలిగిన పెద్దలకు కూడా ఇది పనిచేస్తుంది.

పెద్దపేగు లోపలి పొరలో మాత్రమే పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్‌కు ఇది చికిత్స కాదు. పేగులో వాపు లేకుండానే నొప్పి, మోషన్స్ ఇబ్బంది పెట్టే ఐబీఎస్‌కు అసలు అవసరమే లేదు. మీ రిపోర్టులో ఏం రాసి ఉందో ముందు చూసుకోండి.

"సగం ఫార్ములా, సగం ఇంటి తిండి అయితే కుదరదా?" అని అందరూ అడుగుతారు. 2006లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ ట్రయల్‌లో పిల్లలకు సరిగ్గా ఇలాగే ఇచ్చి చూశారు. పూర్తిగా ఫార్ములా మీదే ఉన్నవాళ్ళలో 42 శాతం మందికి వ్యాధి అదుపులోకి వచ్చింది. సగం మామూలు తిండి తిన్నవాళ్ళలో 15 శాతం మందికే వచ్చింది. ఫార్ములాను చేర్చడం కంటే మిగతా తిండిని తీసేయడమే ఇక్కడ పెద్ద పని అని నా అభిప్రాయం.

## 2. డాక్టర్ దగ్గర ముందే తేల్చుకోవాల్సినవి

ఈ మెట్టును తొందరగా దాటేయకండి. మన దగ్గర మరీనూ.

పేగు టీబీ కాదని తేలిందా? చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట పుండ్లు, వాపు, బరువు తగ్గడం, సాయంత్రం పూట జ్వరం: ఇవి క్రోన్స్‌లోనూ ఉంటాయి, టీబీలోనూ ఉంటాయి. బయాప్సీలో (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) కూడా కొన్నిసార్లు తేడా తెలియదు. అందుకే మన దేశంలో చాలామందికి ముందు టీబీ మందులు వాడి, రెండు నెలల తర్వాత మళ్ళీ కొలనోస్కోపీ చేసి పుండ్లు మానాయో లేదో చూస్తారు. మంచి ఆహారం పడితే టీబీ ఉన్నవాళ్ళకీ కొంత ఓపిక వస్తుంది. దాన్ని చూసి "డైట్ పనిచేసింది" అనుకుంటే అసలు జబ్బుకు మందు పడదు.

పేగు ఇరుకైందా? వాపు వల్ల ఇరుకైతే ఈ డైట్‌తో తగ్గే అవకాశం ఉంది. మచ్చ కట్టి బిగుసుకుపోతే తగ్గదు. తిన్నాక కడుపు ఉబ్బి, మెలిపెట్టే నొప్పి, వాంతులు వస్తుంటే సీటీ గానీ ఎంఆర్ ఎంటెరోగ్రఫీ (చిన్నపేగుకు చేసే ఎంఆర్ఐ స్కాన్) గానీ అయ్యాకే మొదలుపెట్టాలి.

చీము గడ్డ, ఫిస్టులా (పేగు నుంచి పక్క భాగానికో చర్మానికో పడే దారి) ఉన్నాయా? ఉంటే ముందు వాటి సంగతి చూడాలి.

ఇప్పటికే బాగా చిక్కిపోయారా? బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 16 కంటే తక్కువ ఉన్నా, మూడు నుంచి ఆరు నెలల్లో బరువు 15 శాతానికి పైగా తగ్గినా, పది రోజులకు పైగా దాదాపు ఏమీ తినకపోయినా ఇంట్లో మొదలుపెట్టకూడదు. ఖాళీగా ఉన్న ఒంటికి ఒక్కసారిగా పూర్తి కేలరీలు అందితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి. గుండె లయ తప్పవచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. ఇలాంటివాళ్ళను ఆసుపత్రిలో ఉంచి, థయామిన్ (విటమిన్ బి1) ఇచ్చి, రోజూ రక్తపరీక్ష చేస్తూ నెమ్మదిగా పెంచుతారు.

మిగతా మందుల మాటేమిటి? షుగర్ ఉంటే ఇన్సులిన్, మాత్రల మోతాదు ముందే మార్పించుకోవాలి, ఫార్ములాలో పిండిపదార్థం ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళు ఫార్ములాలో విటమిన్ కె ఉంటుందని గుర్తుంచుకుని ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూసే పరీక్ష) దగ్గరదగ్గరగా చూపించుకోవాలి. క్రోన్స్ మందులు మాత్రం మీ అంతట మీరు ఒక్కటీ ఆపొద్దు. గర్భిణులు, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్ళకు లెక్కలన్నీ వేరు.

మొదటి రోజుకు ముందు చేతిలో ఉండాల్సినవి:

- బరువు, ఎత్తు (పిల్లలకు ఎదుగుదల చార్టు కూడా)
- హిమోగ్లోబిన్, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష), అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్)
- సోడియం, పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం
- మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును చూపే ప్రొటీన్)
- అత్యవసరమైతే ఫోన్ చేయాల్సిన నంబరు

కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష ఖరీదైనదని చాలామంది వదిలేస్తారు. మిగతా ఏది వదిలినా దీన్ని వదలొద్దు. మొదట్లో ఎంత ఉందో తెలియకపోతే ఆరు వారాల తర్వాత వచ్చిన అంకెను దేనితో పోల్చుకుంటారు?

## 3. ఫార్ములా ఎంచుకోవడం

ఫార్ములాలు మూడు రకాలు. ప్రొటీన్ పూర్తిగా ఉన్నది పాలిమెరిక్. దాన్ని చిన్న ముక్కలు చేసి ఇచ్చేది సెమీ ఎలిమెంటల్, పెప్టమెన్ లాంటివి. అమైనో ఆమ్లాల దాకా విడగొట్టింది ఎలిమెంటల్. క్రోన్స్‌ను అదుపు చేయడంలో మూడింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి నోటితో తాగేవాళ్ళు పాలిమెరిక్‌తో మొదలుపెట్టడం మంచిది. రుచి నయం, ధర తక్కువ. ఎలిమెంటల్ రుచి గురించి మర్యాదగా చెప్పడం కష్టం.

డబ్బా కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే: ఏకైక ఆహారంగా వాడదగినదా, అంటే "న్యూట్రిషనల్లీ కంప్లీట్" లేదా "సోల్ సోర్స్ ఆఫ్ న్యూట్రిషన్" అని రాసి ఉందా. హార్లిక్స్, బూస్ట్, జిమ్‌లో వాడే వే ప్రొటీన్ ఈ కోవలోకి రావు. వాటి మీద ఆరు వారాలు బతకలేం. ఒకే కంపెనీ డబ్బాల్లో కూడా అన్నీ పనికిరావు. షుగర్ ఉన్నవాళ్ళ రకం, కిడ్నీ రకం, అధిక ప్రొటీన్ రకం పక్కపక్కనే ఉంటాయి. డైటీషియన్ రాసిచ్చిన పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి.

ముందే నలభై డబ్బాలు కొనేయకండి. రెండు మూడు ఫ్లేవర్లు చిన్న ప్యాకుల్లో తెచ్చి రుచి చూసి, మొదటి వారానికి సరిపడా మాత్రమే కొనండి.

## 4. రోజుకు ఎంత తాగాలి: లెక్క

పెద్దవాళ్ళకు కిలో బరువుకు సుమారు 30 నుంచి 35 కేలరీలు, వ్యాధి చురుగ్గా ఉన్నప్పుడు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అవసరం. పిల్లల లెక్క వయసును బట్టి ఉంటుంది, డైటీషియనే వేయాలి.

55 కిలోల మనిషిని తీసుకుందాం. 30 చొప్పున 1,650 కేలరీలు, 35 చొప్పున 1,925. మధ్యలో 1,800 అనుకుందాం. మామూలుగా కలిపిన ఫార్ములాలో మిల్లీలీటరుకు ఒక కేలరీ ఉంటుంది. అంటే రోజుకు 1.8 లీటర్లు. 300 మి.లీ. చొప్పున ఆరు గ్లాసులు. 100 మి.లీ.లో 4 గ్రాముల ప్రొటీన్ ఉంటే మొత్తం 72 గ్రాములు వస్తుంది. ఈ మనిషికి కావలసింది కనీసం 66 గ్రాములు, సరిపోయింది.

ఖర్చు లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. చాలా పొడుల్లో గ్రాముకు 4.3 కేలరీలకు అటూ ఇటూ ఉంటాయి. 1,800 కేలరీలకు రోజుకు దాదాపు 420 గ్రాముల పొడి కావాలి. 400 గ్రాముల డబ్బా ఒక రోజుకు కూడా పూర్తిగా రాదు. 42 రోజులకు సుమారు 44 డబ్బాలు. మీ ఊళ్ళో మందుల షాపు ధరతో గుణించి చూడండి. ఆ అంకె చూసి గుండె ఝల్లుమంటే ఆ మాట డాక్టరుతో చెప్పండి, సిగ్గుపడాల్సిన పని లేదు. డబ్బుల్లేక రోజుకు నాలుగు గ్లాసులతో సరిపెట్టుకుంటే అది చికిత్స కాదు, పస్తు.

## 5. ఇంటిని, ఇంట్లోవాళ్ళను సిద్ధం చేయడం

తేదీ ఎంచుకునేటప్పుడు క్యాలెండర్ చూడండి. పెళ్ళి ముహూర్తాలు, దసరా, సంక్రాంతి, పిల్లల పరీక్షలు లేని ఆరు వారాలు దొరికితే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇంట్లో అందరికీ ఒకే మాట చెప్పండి: "ఒక్క ముద్ద" కూడా లేదు. ప్రసాదం విషయం ముందే మాట్లాడుకోవాలి. తిరుపతి లడ్డూ ముక్క ఇస్తే వద్దనడానికి పెద్దవాళ్ళ దగ్గర ఎవరికైనా నోరు రాదు. కళ్ళకద్దుకుని పక్కన పెట్టొచ్చు, లేదా ఇంట్లో ఇంకొకరు తినొచ్చు. "డాక్టర్ మందు ఇస్తున్నారు, మందు నడుస్తున్నన్నాళ్ళు ఇంకేమీ తినకూడదు" అంటే మన వాళ్ళు వింటారు. "డైట్ చేస్తున్నాను" అంటే వినరు.

తెచ్చిపెట్టుకోవాల్సినవి:

- మూతగట్టిగా ఉండే షేకర్ రెండు
- మి.లీ. గీతలున్న కొలత గ్లాసు
- మూత, స్ట్రా ఉన్న స్టీల్ సీసా
- బయటికి తీసుకెళ్ళడానికి ఐస్ ప్యాక్ ఉన్న చిన్న బ్యాగు
- గోడకు అంటించే చార్టు: తాగిన మి.లీ., మోషన్స్, నొప్పి, బరువు

మంచినీళ్ళు కాక బ్లాక్ టీ, బ్లాక్ కాఫీ, చప్పరించే బిళ్ళల్లాంటివి కొన్ని చోట్ల అనుమతిస్తారు, కొన్ని చోట్ల ఇవ్వరు. మీ డాక్టర్ చెప్పిన జాబితాను రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించండి. కాఫీ పూర్తిగా మానాల్సి వస్తే వారం ముందు నుంచే తగ్గించండి. లేకపోతే మొదటి రోజు వచ్చే తలనొప్పికి ఫార్ములాను తిట్టుకుంటారు.

## 6. కలపడం, దాచడం

1. చేతులు, షేకర్ సబ్బుతో కడగండి.
2. కాచి చల్లార్చిన నీళ్ళు కొలిచి ముందు పోయండి. వేడినీళ్ళు వద్దు, ఉండలు కడుతుంది.
3. డబ్బాలో వచ్చిన స్కూపుతోనే, అంచుకు సమంగా గీసి పొడి వేయండి. గోపురంలా పోగు వేయకూడదు.
4. మూత పెట్టి గిలకొట్టి, నురుగు తగ్గేదాకా రెండు నిమిషాలు ఆగండి.
5. కలిపింది వెంటనే తాగకపోతే ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లో వాడేయండి. బయట ఉంటే నాలుగు గంటలకు మించి ఉంచొద్దు. మన వేసవిలో అంతసేపు కూడా ఉంచకపోవడమే మేలు.

నీళ్ళ బదులు పాలు పోయొద్దు. "బలంగా ఉంటుందని" నీళ్ళు తగ్గించి చిక్కగా కలపొద్దు, ఆ చిక్కదనానికే మోషన్స్ పట్టుకుంటాయి. అరటిపండు వేసి మిక్సీ పట్టడం కూడా కుదరదు. అది స్మూతీ అవుతుంది, ఎక్స్‌క్లూజివ్ అవదు.

## 7. మొదటి వారం

మొదటి రోజు లెక్కలో సగం, రెండో రోజు ముప్పావు, మూడో రోజు పూర్తి. మోషన్స్ ఎక్కువగా ఉన్నవాళ్ళు ఇదే పెంపును నాలుగైదు రోజులకు సాగదీయవచ్చు. పై ఉదాహరణలో అయితే 900, 1,350, 1,800 మి.లీ.

పూర్తి మోతాదుకు వచ్చాక వేళలు ఇలా పెట్టుకోవచ్చు: ఉదయం 7, 9:30, మధ్యాహ్నం 12:30, 3:30, సాయంత్రం 6:30, రాత్రి 9. ఆకలి వేసినప్పుడు కాదు, గడియారం చూసి తాగాలి. ఒక్కో గ్లాసు ఇరవై, ముప్పై నిమిషాలు తీసుకుని కొద్దికొద్దిగా చప్పరించండి. గటగటా తాగితే కడుపు ఉబ్బుతుంది.

1.8 లీటర్ల ఫార్ములాలో సుమారు లీటరున్నర నీరు ఉంటుంది. దానిపైన మామూలు మంచినీళ్ళు కూడా తాగాలి, ఎండల్లో ఇంకా ఎక్కువ. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే చాలు.

మూడు, నాలుగు రోజులు చాలామందికి కష్టం. నమలాలన్న కోరిక ఆకలి కంటే ఎక్కువగా వేధిస్తుంది. మిగతావాళ్ళు భోంచేసే వేళకు పక్క గదిలోకో, నడకకో వెళ్ళండి. పోపు వాసనకు తట్టుకోవడం తెలుగు ఇంట్లో మామూలు పరీక్ష కాదు. వారం గడిచేసరికి ఈ బాధ చాలామందికి తగ్గుతుంది.

పళ్ళు రెండు పూటలా తోముకోండి, నాలుక గీసుకోండి. నమలకపోతే లాలాజలం తగ్గి నోరు పాచిపడుతుంది.

## 8. రెండో వారం చివర: కొనసాగించాలా, ఆపాలా

పనిచేసేదైతే పది, పద్నాలుగు రోజుల్లో తేడా తెలుస్తుంది. నొప్పి తగ్గుతుంది, మోషన్స్ సంఖ్య తగ్గుతుంది, జ్వరం పోతుంది, బరువు నిలబడుతుంది లేదా పెరుగుతుంది. సీఆర్‌పీ పడిపోతుంది.

రెండు వారాలు లెక్క ప్రకారం తాగినా ఏ మార్పూ లేకపోతే మొండిగా లాగొద్దు, వేరే చికిత్స గురించి డాక్టరుతో మాట్లాడండి. అయితే ముందు చార్టు చూసుకోండి. 1,800 తాగాల్సిన చోట 1,100 తాగి ఉంటే ఫార్ములా పనిచేయలేదని అనలేం.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, ఇబ్బందులు

పలచని లేదా ఆకుపచ్చ మోషన్స్. ఫార్ములా మీద ఉన్నప్పుడు రంగు మారడం, మెత్తబడడం మామూలే. సంఖ్య పెరుగుతుంటే తాగే వేగం తగ్గించండి, కలిపే కొలత సరిచూడండి. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్, కొన్ని సిరప్ మందుల్లో సార్బిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కూడా విరేచనాలు తెస్తుంది.

మలబద్ధకం. పీచు లేని తిండి కాబట్టి రెండు మూడు రోజులకోసారి వెళ్ళడం వింత కాదు. నీళ్ళు పెంచండి, నడవండి. ఇసబ్‌గోల్ మాత్రం సొంతంగా వాడొద్దు, పేగు ఇరుకుగా ఉంటే అడ్డం పడవచ్చు.

వికారం. బాగా చల్లబరిచి, మూత ఉన్న సీసాలో స్ట్రాతో తాగండి. వాసన ముక్కుకు తగలకపోతే సగం వికారం పోతుంది. ఆరు గ్లాసులను ఎనిమిదిగా విడగొట్టొచ్చు.

రుచి మొహం మొత్తడం. ఫ్లేవర్ మార్చండి. ఐస్ ట్రేలో గడ్డకట్టించి చప్పరిస్తే నమిలిన తృప్తి కొంత దొరుకుతుంది.

ఒళ్ళు నొప్పులకు మాత్ర. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, అవి క్రోన్స్‌ను రెచ్చగొట్టవచ్చు. అవసరమైతే పారాసెటమాల్ గురించి అడగండి.

మధ్యలో తినేశారు. ఒక పూట ఇడ్లీ తిన్నంత మాత్రాన అంతా పోయినట్టు కాదు. తర్వాతి గ్లాసు నుంచి మళ్ళీ దారిలోకి రండి, చార్టులో రాయండి. రోజూ జరుగుతుంటే మాత్రం వేరే దారి వెతకాలి.

అసలు తాగలేకపోతున్నారు. ముక్కు ద్వారా సన్నని ట్యూబు వేసి రాత్రి నిద్రలో పంపుతో ఎక్కించవచ్చు. పిల్లలు కొందరు దీనికే త్వరగా అలవాటు పడతారు. ఇంకో దారి క్రోన్స్ డిసీజ్ ఎక్స్‌క్లూజన్ డైట్. అందులో మొదటి ఆరు వారాలు సగం కేలరీలు ఫార్ములా నుంచి, మిగతా సగం అన్నం, ఆలుగడ్డ, కోడిగుడ్డు, చికెన్, అరటిపండు లాంటి నిర్ణీత జాబితా నుంచి వస్తాయి. పిల్లల మీద చేసి 2019లో ప్రచురించిన ట్రయల్‌లో ఇది పూర్తి ఫార్ములా కంటే తేలిగ్గా పాటించగలిగేదిగా తేలింది. పైన చెప్పిన 2006 ట్రయల్‌లోని "సగం సగం"తో దీన్ని కలిపేయకండి. అక్కడ మిగతా సగం ఏదైనా తినొచ్చు, ఇక్కడ జాబితా దాటకూడదు.

వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి:

- ఆగని వాంతులు, ఉబ్బిన కడుపు, గ్యాస్ గానీ మలం గానీ పోకపోవడం
- 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరంతో పాటు కడుపునొప్పి
- మలంలో ఎక్కువ రక్తం
- గుండెదడ, అయోమయం, కాళ్ళ వాపు, విపరీతమైన నీరసం (ముఖ్యంగా మొదటి వారంలో)
- ఒక కాలే వాచి నొప్పి పెట్టడం, ఆయాసం

## 10. మళ్ళీ తిండిలోకి

ఆరు లేదా ఎనిమిది వారాలు పూర్తయిన రోజే బిర్యానీకి వెళ్ళిన కథలు చాలా ఉన్నాయి. ఎలా ముగిశాయో చెప్పనక్కర్లేదు.

తిండి తిరిగి మొదలుపెట్టడానికి అందరూ ఒప్పుకున్న ఒకే పద్ధతి లేదు. ఒకటి నుంచి మూడు వారాల్లో మెల్లగా మార్చడం ఎక్కువగా పాటించేది. సులువైన లెక్క ఇది: రెండు మూడు రోజులకోసారి ఒక పూట భోజనం చేర్చి, ఫార్ములాలో పావు వంతు తగ్గించండి.

1. మొదటి పూట: మెత్తగా ఉడికిన తెల్లన్నం, పెసరపప్పు కట్టు, చిటికెడు ఉప్పు. లేదా రెండు ఇడ్లీలు, చట్నీ లేకుండా.
2. రెండో పూట: తొక్క, గింజ తీసిన సొరకాయ, బీరకాయ, ఉడికించిన ఆలుగడ్డ.
3. మూడో పూట: ఉడికించిన గుడ్డు, ముళ్ళు తీసిన చేప, మెత్తని చికెన్.
4. ఆ తర్వాత పెరుగు. పాలు అన్నిటికన్నా చివర.

ఒక రోజు ఒకే కొత్త వస్తువు. చార్టులో రాస్తూ ఉండండి.

కొన్ని నెలలు ఆగాల్సినవి, పేగు ఇరుకుగా ఉంటే ఇంకా ఎక్కువ కాలం: మునక్కాడ, గోంగూర పీచు, మొక్కజొన్న, పనస, పచ్చి ఉల్లి, వేరుశనగ, కొబ్బరి పచ్చడి, ఆవకాయ, కారప్పొడులు, ప్యాకెట్ చిరుతిళ్ళు.

## 11. తర్వాతి నెలలు

ఈ డైట్ వాపును అణుస్తుంది, జబ్బును తీసేయదు. మామూలు తిండి మొదలయ్యాక, మోషన్స్ బాగానే ఉన్నా, కాల్‌ప్రొటెక్టిన్ కొన్ని వారాల్లోనే పెరగడం మొదలవ్వవచ్చు. అందుకే నిలకడ మందు (జబ్బు తిరగబెట్టకుండా వాడే మందు) ముందే ఖరారు కావాలి. అజాథియోప్రిన్ పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి డాక్టర్లు దాన్ని చాలాసార్లు ఫార్ములా నడుస్తుండగానే మొదలుపెడతారు. మెథోట్రెక్సేట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ మరికొందరికి. "తగ్గింది కదా, మాత్ర ఎందుకు" అని మానేసినవాళ్ళే మళ్ళీ ఫార్ములా దగ్గరికి రావాల్సి వస్తుంది.

- డైట్ ముగింపులో: బరువు, సీఆర్‌పీ, అల్బుమిన్, కాల్‌ప్రొటెక్టిన్. కాల్‌ప్రొటెక్టిన్ 50 లోపు ఉంటే మామూలు, 250 దాటితే వాపు ఇంకా ఉందని అనుమానించాలి.
- తిండిలోకి వచ్చిన రెండు మూడు నెలలకు: కాల్‌ప్రొటెక్టిన్ మళ్ళీ.
- కొలనోస్కోపీ ఎప్పుడన్నది డాక్టర్ చెబుతారు.

మిగిలిన డబ్బాలను పారేయకండి. రోజులో కొంత భాగం ఫార్ములాగా కొనసాగిస్తే కొందరికి వ్యాధి తిరగబెట్టడం తగ్గుతుంది. జపాన్‌లో పెద్దవాళ్ళు సగం కేలరీలను ఎలిమెంటల్ ఫార్ములా నుంచి తీసుకుంటూ మిగతాది మామూలుగా తినే పద్ధతి ఉంది. మీకు రోజుకు ఒకటో రెండో గ్లాసులు ఉంచాలా అని డైటీషియన్‌ను అడగండి. మూత తీయని డబ్బాలైతే గడువు తేదీ దాకా ఆగుతాయి. తెరిచినది చాలా బ్రాండ్లలో మూడు వారాలే, డబ్బా మీద తెరిచిన తేదీ పెన్నుతో రాసుకోండి.